మళ్ళీ శ్రీలంక: ఏడేళ్ళ తర్వాత నెగొంబోలో మా మొదటి రోజు

పెన్నా వాణి | మే 1, 2025, రాత్రి 9:40

అందరికీ నమస్తే. వేసవి సెలవుల్లో శ్రీలంక మళ్ళీ వెళ్ళాలనుకుంటున్నాం, అత్తయ్యకి 71 ఏళ్ళు, ఎలా ప్లాన్ చేసుకోవాలని మార్చిలో ఈ ఫోరమ్‌లోనే అడిగాను. ఎంతమంది ఎంత ఓపిగ్గా చెప్పారో. ఆ రుణం కొంతైనా తీర్చుకుందామని, పిల్లలు పడుకోగానే వరండాలో కూర్చుని రాస్తున్నాను. ఇవాళే దిగాం.

మేము 2018 సంక్రాంతి సెలవుల్లో మొదటిసారి వచ్చాం. అప్పుడు పెద్దవాడికి ఐదేళ్ళు, చిన్నది చంకలో పిల్ల. మావయ్యగారు కూడా ఉన్నారు. 2021లో ఆయన పోయారు. ఈసారి అత్తయ్య, మేమిద్దరం, పిల్లలు, ఎనిమిది రోజుల ట్రిప్. వేరే దేశం చూద్దామా అని మా ఆయన అడిగితే అత్తయ్యే అన్నారు, "నన్ను తీసుకెళ్తే అక్కడికే తీసుకెళ్ళండి" అని. ఇక వేరే మాట రాలేదు.

మాది సూళ్ళూరుపేట దగ్గర పల్లె. ఇంటి నుంచి చెన్నై ఎయిర్‌పోర్టుకి రావడానికి పట్టిన టైంలో సగం కూడా గాల్లో లేము. గడియారం తిప్పుకునే పని లేదు, మన టైమే వాళ్ళ టైం. పొద్దున్నే కొలంబో ఎయిర్‌పోర్టు ఉన్న కటునాయకలో దిగాం. ఈటీఏ, అంటే ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రయాణ అనుమతి, ఇంటి దగ్గరే ప్రభుత్వ సైటులో తీసుకున్నాం కాబట్టి ఇమ్మిగ్రేషన్‌లో ఇబ్బంది రాలేదు. అక్కడే సిమ్ కార్డు కొని, డబ్బు మార్చాం. 2018లో మన రూపాయికి వాళ్ళవి రెండు రూపాయల నలభై పైసల దాకా వచ్చేవి. ఇప్పుడు మూడున్నర. మనకి లాభమే కానీ, ఆ తేడా వెనక వాళ్ళు 2022 ఆర్థిక సంక్షోభంలో పడ్డ పాట్లన్నీ ఉన్నాయని తెలిశాక ఆ నోట్ల కట్ట చేతిలో బరువుగా అనిపించింది.

బయటికొచ్చాక చిన్న టెన్షన్. ఆన్‌లైన్‌లో బుక్ చేసిన వ్యాన్ రాలేదు. మా పేరు బోర్డు ఎక్కడా లేదు, ఫోన్ చేస్తే ఎత్తేవాళ్ళు లేరు. నలభై నిమిషాలు చూశాం. అత్తయ్య ట్రాలీ మీదే కూర్చున్నారు. చివరికి లోపల టాక్సీ కౌంటర్‌లో రసీదు రాయించుకుని వేరే వ్యాన్ ఎక్కాం. పెద్దవాళ్ళతో వచ్చేవాళ్ళు మొదటి రోజు బండి మాత్రం ఆ కౌంటర్‌లోనే తీసుకోండి.

డ్రైవరు నడివయసు మనిషి. మా పెద్దవాడిని చూసి "మల్లి, బ్యాగ్ ఇలా ఇవ్వు" అన్నాడు. వాడు నా వైపు చూశాడు, "మళ్ళీ ఏంటమ్మా, ఇంకా ఒక్కసారి కూడా ఇవ్వలేదు కదా" అని. సింహళంలో మల్లి అంటే తమ్ముడు. అక్క అంటే అక్కే. అయ్య అంటే అన్న. ఏడేళ్ళ కిందట కూడా వీణ్ణి అందరూ మల్లి అనే పిలిచేవారు. వాడికి ఆ సంగతే గుర్తు లేదు.

నెగొంబో సముద్రతీరంలో ఉన్న ఊరు, ఎయిర్‌పోర్టు నుంచి దగ్గరే, అరగంట లోపు. పోయినసారి ఉన్న గెస్ట్‌హౌస్‌లోనే దిగాం. గేటు రంగు మారింది. ఆ ఇంటి ఆంటీ గేటు దగ్గరే నిలబడి ఉంది, జుట్టు మొత్తం తెల్లబడిపోయింది. నన్ను కాదు, అత్తయ్యని ముందు పట్టుకుంది. ఆ తీరంలో పాతవాళ్ళకి తమిళం వస్తుంది, అత్తయ్యకి సూళ్ళూరుపేట తమిళం వస్తుంది. మొదటి ప్రశ్నే "ఆయన రాలేదా?" అని. అత్తయ్య చెప్పారు. ఇద్దరూ మెట్ల మీద కూర్చుండిపోయారు. మేము సామాన్లు మోసుకుంటూ పక్కనుంచి వెళ్ళాం.

తర్వాత కిరిబత్ పెట్టింది. కొబ్బరిపాలతో బియ్యం మెత్తగా ఉడికించి, పళ్ళెంలో పరిచి, డైమండ్ ముక్కలుగా కోస్తారు. మన పొంగలికి దగ్గర, కానీ తీపి ఉండదు, ఉప్పే. పక్కన ఉల్లిపాయ, ఎండుమిర్చి నూరిన లును మిరిస్. వాళ్ళు ప్రతి నెలా ఒకటో తారీఖున ఇది వండుకుంటారు. మేము సరిగ్గా ఒకటో తారీఖున దిగాం.

మిగతాది రేపు రాస్తాను, కళ్ళు మూసుకుపోతున్నాయి.

---

వైజాగ్ బీచ్‌రోడ్ | మే 1, రాత్రి 10:15

వాణి గారూ, చదువుతుంటే బాగుంది. కానీ ఒక మాట. ఎనిమిది రోజుల ట్రిప్‌లో మొదటి రోజంతా నెగొంబోలో పెట్టడం నాకు నచ్చలేదు. మేము పొద్దున్న దిగి నేరుగా పిన్నవల వెళ్ళి, మహా ఓయ ఏటిలో ఏనుగుల స్నానం చూసి, సాయంత్రానికి కండీ చేరి, బుద్ధుడి దంతం ఉన్న గుడి దళద మాలిగావలో సాయంత్రం ఆరున్నర పూజ కూడా చూశాం. ఒక రోజు మిగిలింది. అంత ఖర్చు పెట్టుకుని వెళ్ళినప్పుడు ఒక్క పూట కూడా పోగొట్టుకోకూడదు కదా?

---

కొలంబో ప్రవాసి | మే 1, రాత్రి 10:50

నేను ఆరేళ్ళుగా ఇక్కడే ఉద్యోగం చేస్తున్నాను. వైజాగ్ అన్నా, నువ్వు చెప్పింది కుర్రాళ్ళకి సరిపోతుంది. నెగొంబో నుంచి కండీ వంద కిలోమీటర్లు దాటుతుంది, కొండ రోడ్డు, మూడు గంటల పైనే. రాత్రంతా నిద్ర లేని 71 ఏళ్ళ మనిషిని ఆ మలుపుల్లో తీసుకెళ్ళడం నేనైతే చెయ్యను. పైగా ఇవాళ మేడే. కొలంబోలో పార్టీల ర్యాలీలు, ఊళ్ళ నుంచి బస్సులు, ట్రాఫిక్. 6న స్థానిక ఎన్నికలు కూడా ఉండడంతో ఈసారి ఇంకా ఎక్కువ. వాణి అక్క కదలకుండా ఉండడమే మంచిదైంది.

ఇంకోటి, రాబోయేవాళ్ళకి. ప్రతి పౌర్ణమికీ ఇక్కడ పోయ సెలవు. ఆ రోజు మాంసం, మద్యం అమ్మరు. ఈ నెల 12న వెసక్, బుద్ధ పౌర్ణమి. అప్పటికి ఊరూరా కాగితం లాంతర్లు కడతారు, దారిలో జనానికి ఉచితంగా అన్నం పెడతారు, దాన్ని దన్సల అంటారు. కాస్త వెసులుబాటు ఉంటే ఆ రోజుల్లో రండి.

---

సుబ్బలక్ష్మి గుంటూరు | మే 1, రాత్రి 11:05

మేము పూర్తి శాకాహారులం. జూన్‌లో వెళ్దామని మా వారి పట్టుదల. నాకు తిండి గురించే భయం. వాణీ, నిజం చెప్పు, ఇబ్బంది పడతామా?

---

కొలంబో ప్రవాసి | మే 1, రాత్రి 11:20

సుబ్బలక్ష్మి గారూ, భయపడకండి, కానీ ఒక్క మాట గుర్తుంచుకోండి: ఉంబలకడ. ఎండబెట్టిన చేప పొడి అది. కొబ్బరి తురుముతో చేసే పొల్ సంబోల్ చూడడానికి మన కొబ్బరి పచ్చడిలాగే ఉంటుంది, కానీ చాలా చోట్ల అందులో ఈ పొడి కలుపుతారు. లును మిరిస్‌లో కూడా. "ఉంబలకడ ఎపా" అనండి, అంటే వద్దు అని. పరిప్పు అంటే పప్పు, పనసకాయ కూర, బీట్‌రూట్ కూర, ఇడియాప్పం, అప్పం, ఇవన్నీ దొరుకుతాయి. మనలాగే అన్నం చుట్టూ నాలుగైదు కూరలు పెట్టుకుని తినే జనం.

---

పెన్నా వాణి | మే 2, ఉదయం 6:10

లేచేసరికి ఇన్ని సమాధానాలు! కొలంబో తమ్ముడూ, నేను చెప్పాల్సింది నువ్వే చెప్పావు. సుబ్బలక్ష్మి అక్కా, నిన్న ఆంటీ మా పాప కోసం చేప పొడి లేకుండా విడిగా నూరింది. అడిగితే చేస్తారు, మొహం చిట్లించరు.

వైజాగ్ గారికి జవాబు చెప్పాలి. మొదటిసారి మేమూ మీలాగే పరుగెత్తాం. పిన్నవల, కండీ, నువర ఎలియ, ఎల్ల, అన్నీ ఆరు రోజుల్లో. ఫోటోలు బోలెడు ఉన్నాయి. కానీ ఇంటికొచ్చాక మావయ్యగారు పోయేదాకా చెప్పుకున్నది ఈ ఇంటి గురించే. 2019 ఏప్రిల్‌లో ఈస్టర్ ఆదివారం నెగొంబోలో చర్చిలో బాంబు పేలిందని టీవీలో రాగానే, ఆయన నా ఫోన్ లాక్కుని ఆంటీకి వాట్సాప్ చేయించారు. సాయంత్రం దాకా బదులు రాలేదు. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు. అలాంటి ఇంటికి వచ్చి ఒక పగలు కూర్చోకుండా వెళ్ళిపోతే ఎలాగండీ? కొండలు ఎక్కడికీ పోవు. మనుషులు పోతారు. మళ్ళీ వచ్చినప్పుడు ముందు చూడాల్సింది మనుషుల్ని అనే నేను అనుకుంటాను.

ఇక నిన్నటి మిగతా భాగం.

పొద్దున తొమ్మిదింటికి అత్తయ్యని కాసేపు పడుకోమంటే వినలేదు. చేపల మార్కెట్ చూడాలన్నారు. అక్కడ దాన్ని లెల్లమ అంటారు. ఒడ్డునే ఇసుక మీద కొబ్బరిపీచు చాపలు పరిచి, చేపల్ని చీల్చి ఉప్పులో ముంచి ఆరబెడతారు, కనుచూపు మేర చేపలే. వాసనకి పాప ముక్కు మూసుకుంది. అత్తయ్య మాత్రం మా పులికాట్ ఒడ్డున నడుస్తున్నట్టు హాయిగా నడిచారు. ఎండబెట్టే ఆవిణ్ణి తమిళంలో పలకరించి, ఉప్పు ఎంత, ఎన్ని రోజులు, వాన వస్తే ఏం చేస్తారు అని అన్నీ అడిగారు. ఒరువ అని పక్కన కొయ్య కట్టిన పడవలు ఉంటాయి ఇక్కడ, అలల్లో తిరగబడకుండా. పెద్దవాడు దాని పక్కన కూర్చుని బొమ్మ గీసుకున్నాడు.

పులికాట్ అన్నాను కాబట్టి చెప్తున్నాను. నెగొంబోలో డచ్చివాళ్ళ కోట ఉండేది. గేటు మీద 1678 అని చెక్కి ఉంది, లోపల ఇప్పుడు జైలు. అదే డచ్చివాళ్ళకి మన పులికాట్‌లోనూ కోట ఉండేది, గెల్డ్రియా అని. రెండు చోట్లా పెద్ద ఉప్పునీటి సరస్సు, రెండు చోట్లా చేపలు పట్టేవాళ్ళు. మా ఊరి నీళ్ళకి, ఈ నీళ్ళకి మధ్య ఒకే ఓడలు తిరిగాయన్న మాట. పోయినసారి ఇదంతా మావయ్యగారే చెప్పారు. ఈసారి నేను పిల్లలకి చెప్పాను, ఆయన చెప్పినంత బాగా రాలేదు.

మధ్యాహ్నం అంబుల్ తియల్. తూర చేప ముక్కలకి గోరక అనే ఎండు పులుపు, మిరియాలు పట్టించి, మట్టి చట్టిలో నీరంతా ఇగిరిపోయేదాకా ఉడికిస్తారు. నల్లగా, పొడిగా వస్తుంది. అత్తయ్య నెల్లూరు చేపల పులుసు పెట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఒక ముక్క తిని, "చింతపండు లేకుండా ఇంత పులుపా" అని వంటింట్లోకి వెళ్ళిపోయారు. గంట తర్వాత చూస్తే ఇద్దరూ నేల మీద కూర్చుని గోరక ముక్కలు వాసన చూసుకుంటున్నారు. మన పులుసు మరుసటి రోజుకే రుచి అని అత్తయ్య, ఇది ఫ్రిజ్ లేకుండా నాలుగు రోజులుంటుందని ఆంటీ. ఇవాళ పొద్దున కండీ బయల్దేరే లోపు అత్తయ్య అక్కడ పులుసు పెట్టి చూపించాలని మాట ఇచ్చారు. చింతపండు ఇక్కడా దొరుకుతుంది.

2022 గురించి ఆంటీ తనంతట తానే చెప్పింది. గ్యాస్ బండ కోసం రోజుల తరబడి క్యూ. పెట్రోలు దొరక్క అంకుల్ రాత్రంతా లైన్లో ఆటోలోనే పడుకునేవాడట. ఆ రెండేళ్ళు పెరట్లో కట్టెల పొయ్యి మీదే వండింది. అతిథులు లేరు. కొడుకు అప్పుడే ఇటలీ వెళ్ళిపోయాడు, ఈ తీరం నుంచి అక్కడికి వెళ్ళినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ పొయ్యి ఇంకా ఉంది. తీసెయ్యడానికి మనసొప్పడం లేదంది.

---

ఓరుగల్లు రవి | మే 2, ఉదయం 8:30

వాణి గారూ, మీ పోస్టు మా అమ్మకి చదివి వినిపించిన. మళ్ళా ఆ పొయ్యి దాకా వచ్చేసరికి అమ్మ ఆపు అన్నది. మా ఇంట్ల కూడా అట్లనే పాత పొయ్యి ఉండె. పిల్లలకి ఏమన్నా గుర్తున్నదా పోయినసారి నుంచి? మా వాడు నాలుగేళ్ళప్పుడు పోయిన ఊర్లు ఒక్కటి కూడా గుర్తు లేదంటడు, డబ్బులు దండగ అనిపిస్తది.

---

నల్లమల చరిత్ర | మే 2, ఉదయం 9:15

ఇవాళ కండీ వెళ్తున్నారు కాబట్టి ఒక సంగతి. అక్కడ సరస్సు చూస్తారు కదా, దాన్ని 1807లో శ్రీ విక్రమ రాజసింహ తవ్వించాడు. కండీ చివరి రాజు ఆయనే. ఆయన వంశాన్ని నాయక్కర్లు అంటారు, మధురై నాయకుల బంధువర్గం, మూలాలు తెలుగు. 1739లో మొదలైన ఆ వంశం 1815లో బ్రిటిష్‌వాళ్ళు ఆయన్ని పట్టుకోవడంతో ముగిసింది. ఆయన్ని తీసుకొచ్చి వేలూరు కోటలో ఉంచారు. 1832లో అక్కడే కన్నుమూశాడు.

ఇంకా వెనక్కి వెళ్తే, మన నాగార్జునకొండ శాసనంలో సింహళ విహారం ప్రస్తావన ఉంది. ఇక్ష్వాకుల కాలంలో, మూడో శతాబ్దంలో, సింహళ భిక్షువులకి మన కృష్ణ ఒడ్డున ప్రత్యేకంగా విహారం ఉండేది. రాకపోకలు ఇవాళ్టివి కావు. దళద మాలిగావకి వెళ్ళేటప్పుడు భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోండి, తెల్లవైతే మంచిది.

---

చిత్తూరు మాధవి | మే 2, ఉదయం 9:40

వేలూరులో పాలారు దగ్గర ఆయన సమాధి ఉంది, ముత్తు మండపం అంటారు. మేము ఆసుపత్రి పని మీద వేలూరు ఎన్నిసార్లు వెళ్ళామో, ఆ పక్కనుంచే వెళ్ళేవాళ్ళం. కండీ చూసొచ్చాకే అదేమిటో తెలిసింది. మళ్ళీ వెళ్ళినప్పుడు దిగి, ఒక పూవు పెట్టి వచ్చాను.

---

కొలంబో ప్రవాసి | మే 2, ఉదయం 10:05

తెలుగు మాట వచ్చింది కాబట్టి. ఈ దేశంలో తెలుగు మాట్లాడే సంచార జనం ఉన్నారు, అహికుంటకులు అంటారు. పాములాడించడం, కోతులాడించడం, ఆడవాళ్ళు సోది చెప్పడం వాళ్ళ పాత వృత్తులు. అనురాధపురం వైపు తంబుత్తేగమ దగ్గర కుడాగమలో కొందరు స్థిరపడ్డారు. నేను ఒకసారి రోడ్డు పక్కన ఒక పెద్దావిడతో మాట్లాడాను. యాస వేరు, కానీ "నీళ్ళు", "బిడ్డ" అని ఆవిడ నోట విన్నప్పుడు నాకు కాళ్ళు ఆడలేదు. పిల్లలు ఎక్కువగా సింహళంలోకి మారిపోతున్నారు. ఆవిడ నన్ను "ఏ ఊరు?" అని అడిగింది. ఏలూరు అన్నాను. ఆ పేరు ఆవిడకి తెలియదు.

---

వైజాగ్ బీచ్‌రోడ్ | మే 2, ఉదయం 10:30

వాణి గారూ, మీ జవాబు చదివాను. మేము కండీలో ఉన్న ఇంటివాళ్ళ పేరు కూడా నాకు ఇప్పుడు గుర్తు లేదు. మా ఆవిడ్ని అడిగితే ఆమెకి గుర్తుంది, వాళ్ళ పాప పేరుతో సహా. ఇవాళ ఫోన్ చేయిస్తాను.

---

పెన్నా వాణి | మే 2, మధ్యాహ్నం 3:20

కండీ దారిలో టీ కోసం ఆగాం. పులుసు వల్ల బయల్దేరడం పదకొండైంది, పిన్నవల ఈసారికి లేనట్టే. ఎవరికీ బాధ లేదు.

రవి గారూ, మీ ప్రశ్నకి జవాబు ఉంది. నిన్న నాలుగింటికి పెద్ద వాన కురిసి ఆగింది. అప్పుడు వీధి చివర నుంచి పాట వినిపించింది. ఇక్కడ బ్రెడ్, బన్నులు అమ్మే ఆటోలు వస్తాయి, చూన్ పాన్ అంటారు. అద్దాల పెట్టె, దాని మీద స్పీకరు, అందులో ఎప్పుడూ బీథోవెన్ పియానో రాగం ఒకటే. అన్నం దగ్గర కూర్చున్న మావాడు లేచి పరుగెత్తాడు. "అమ్మా, మొసలి బన్ను!" అన్నాడు. కింబులా బనిస్ అంటారు, మొసలి ఆకారంలో ఉంటుంది, పైన పంచదార. ఏనుగులు గుర్తు లేవు, రైలు గుర్తు లేదు, మల్లి అన్న పిలుపు గుర్తు లేదు. ఆ పాట వినగానే బన్ను గుర్తొచ్చింది. "తాత కొనిచ్చేవాడు, తోక నాకు ఇచ్చి తల ఆయన తినేవాడు" అన్నాడు. అది మాకెవరికీ తెలియదు. ఇద్దరూ పొద్దున్నే నడకకి వెళ్ళినప్పుడు జరిగి ఉంటుంది. దండగ కాలేదండీ.

అది విని ఆంటీ లోపలికి వెళ్ళి పాత విజిటర్స్ బుక్ తెచ్చింది. 2018 జనవరి పేజీ తీసి, మీ మావగారు రాశారు, ఏం రాశారో ఇన్నేళ్ళూ ఎవరూ చదివి చెప్పలేదు అంది. తెలుగు, ఆయన గొలుసుకట్టు రాత. సింహళ అక్షరాలు కూడా మనలాగే గుండ్రంగా ఉంటాయి కాబట్టి, చూస్తే చదవగలనేమో అనిపించేదట, చదవబోతే ఒక్కటీ తగిలేది కాదట. మావాడికి తెలుగు చదవడం అంతంత మాత్రమే, అయినా వాడినే చదవమన్నాం. కూడబలుక్కుని చదివాడు:

"భోజనం ఇంట్లో లాగే ఉంది. ఇంటివారు సొంతవాళ్ళలా చూశారు. మా గదిలో ఫ్యాన్ రాత్రంతా చప్పుడు చేస్తోంది, బాగు చేయించగలరు. మళ్ళీ వస్తాం."

అత్తయ్య తమిళంలో చెప్పారు ఆంటీకి. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మా చెయ్యి పట్టుకుని ఆ గదిలోకి తీసుకెళ్ళి స్విచ్ వేసింది. కొత్త ఫ్యాన్. కొడుకు ఇటలీ నుంచి పంపిన మొదటి డబ్బుతో అన్ని గదులకీ మార్పించిందట.

రాత్రి అత్తయ్య ఆ గదిలోనే పడుకున్నారు. పొద్దున్న పులుసు పొయ్యి మీద ఉడుకుతుండగా పుస్తకం అడిగి తీసుకుని, మావయ్యగారి రాత కింద ఖాళీ ఉంటే అక్కడే రాశారు: "ఫ్యాన్ మార్చారు. ఇప్పుడు చప్పుడు లేదు. మే 2, 2025."

డ్రైవరు పిలుస్తున్నాడు. ఆరున్నర పూజకి అందుకోవాలి.